సల్ల చెంబు

కొమురవ్వకు కోపం వస్తే చెయ్యి లేస్తుంది, కోపం లేని రోజు నోరు లేస్తుంది. రెండూ లేవని రోజున ఆమెకు జ్వరమొచ్చిందేమోనని వాడకట్టు వాళ్ళు తలుపులోంచి తొంగి చూస్తారు. అలాంటి అత్త దగ్గర ఐలమ్మ ఇరవై ఎనిమిదేండ్లు కాపురం చేసింది. తిన్న దెబ్బలు గుర్తుపెట్టుకునే అలవాటు ఆమెకు లేదు. ఒక్క దెబ్బ మాత్రం గుర్తుంది. అది బర్రె దగ్గర తిన్నది.

రెండేండ్ల కింద ఎండాకాలంలో వాళ్ళ బర్రె, శామీర్‌పేట చెరువు వెనక కొత్తగా వేసిన వెంచర్ కంచెలో దూరబోయి ఇనుప ముళ్ళకు పొదుగు చీరుకుంది. సూదుల కుమార్‌ను పిలిపించారు. కుమార్ డాక్టరు కాడు. మేడ్చల్‌లో ఒక పశువుల డాక్టరు వెంట ఏండ్ల తరబడి సంచి మోసి, చూసి చూసి పని పట్టుకున్నవాడు. ఇక్కడి నుంచి రావల్కోల్ దాకా ఏ కొట్టంలో బర్రె మూలిగినా అతని బండే వస్తుంది. అతను మెడలో మత్తు సూది పొడిచాడు. కాసేపటికి బర్రె తూలింది, మోకాళ్ళ మీద కూలబడింది, నాలుక బయటికి వేలాడేసింది. రెండు పక్కలా తవుడు బస్తాలు ఎగదోసి, తల కిందికి వంచి, చొంగ నేల మీదికి కారేటట్టు పెట్టి, కుమార్ నిమ్మళంగా కుట్లు వేశాడు.

పోతూ పోతూ చెప్పాడు. "పెద్దమ్మా, ఇది లేచి నిలబడేదాక నోట్లె ఏం పొయ్యొద్దు. నీళ్ళు గూడ పొయ్యొద్దు. మత్తుల ఉంటె దానికి మింగుడు తెల్వది. తిన్నగ ఊపిరితిత్తులకు పోతది. సస్తది."

కొమురవ్వ కొట్టం ముందు కట్టె పట్టుకొని కూచుంది. కాకిని వాలనియ్యలేదు. సంగతి తెలియని ఐలమ్మ మార్కెట్ నుంచి వచ్చి, నాలుక వేలాడేసిన బర్రెను చూసి అయ్యో అని కుడితి బకెట్ ఎత్తుకొచ్చింది. చెంప మీద పడిన దెబ్బకు బకెట్ ఒక దిక్కు, ఐలమ్మ ఒక దిక్కు పడ్డారు.

"మత్తుల ఉన్న జీవానికి నోట్లె పోస్తవానే? నీళ్ళు గూడ పొయ్యొద్దని కుమార్ చెప్పిపోయిండు. సంపుతవా దాన్ని? నీ అవ్వగారింటి నుంచి తెచ్చినవా బర్రెను?"

సాయంత్రానికి బర్రె లేచింది. ఇప్పటికీ పాలిస్తోంది. ఆ ఇంట్లో మజ్జిగకు కరువు లేకపోవడం దాని పుణ్యమే.

ఐలమ్మ కల్లు కాంపౌండ్ గేటు ముందు గుడాలు అమ్ముతుంది. బొబ్బర్లు, శనగలు ఉడకేసి, ఉల్లిగడ్డ, ఎండు మిరపకాయ తాలింపు పెట్టి, గంపలో పోసుకొని పొద్దున పదింటికి కూచుంటుంది. లోపల సీసా, బయట గుడాలు. మొగుడు బక్కయ్య చెరువులో చేపలు పట్టేవాడు. వల ఆరేసి మధ్యాహ్నానికి అక్కడికే వచ్చేవాడు. అతని తమ్ముడు బాలేష్ బౌరంపేట్‌లో కట్టే విల్లాల దగ్గర ఇటుక మోసేవాడు. పని ఉన్న రోజు పని అయినాక, పని లేని రోజు పొద్దున్నించీ, అతనూ అక్కడే. బాలేష్ పెండ్లాం రోజారాణి ఈ తాగుడు చూడలేక తల్లిగారింటికి పోయింది. మళ్ళీ రాలేదు.

చెట్టు కల్లు తాగి ఎవడూ చావడు. కానీ ఆ చుట్టుపక్కల ఎక్కడున్నాయి చెట్లు? ఉన్నచోట ప్లాట్లు పడ్డాయి. సీసాలో ఉండేది నీళ్ళు, తీపి, దానిమీద మత్తు. ముందు నిద్రగోలీల పౌడర్ కలిపేవారు. పోలీసులు వరసగా పట్టుకోవడంతో పౌడర్ దొరకడం బంద్ అయింది. పోయిన ఎండాకాలం నుంచి కల్లు రకం మారింది. తాగినవాడు పాటలు పాడటం, తిట్టుకోవడం, కొట్టుకోవడం మానేశాడు. కూచున్నచోటే తల వాలేస్తాడు. చెయ్యి పట్టుకుంటే బావి నీళ్ళలో పెట్టి తీసినట్టు చల్లగా ఉంటుంది. పిలిస్తే పలకడు. సూదుల కుమార్ బండి వారానికి రెండుసార్లు కాంపౌండ్ వెనక గేటుకు రావడం ఐలమ్మ చూసేది. కాంపౌండ్‌లో బర్రెలు లేవు.

తాగి పడినవాడికి సల్ల, అంటే మజ్జిగ, పోయడం ఆ వాడకట్టులో పసిపిల్లకు కూడా తెలిసిన వైద్యం. చెంబెడు మజ్జిగలో గుప్పెడు ఉప్పు వేసి, నిమ్మకాయ పిండి, తల ఎత్తిపట్టి, ముక్కు మూసి పోస్తారు. చాలామంది దగ్గి, కక్కుకొని, లేచి కూచునేవాళ్ళు. లేవనివాళ్ళను కల్లు చంపిందనేవాళ్ళు.

బక్కయ్య లేవలేదు. బోనాల ముందటి ఆదివారం ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి ఇంటి ముందరి గద్దె మీద పడుకోబెట్టి పోయారు. గురక పెడుతున్నాడు. ఐలమ్మ అతని తల ఒళ్ళోకి ఎత్తుకుంది. కొమురవ్వ చెంబు వంచింది. గొంతులో గురగురమంది.

"తాగుతాండే! నా కొడుకు తాగుతాండు!" అని కొమురవ్వ సంబరపడింది. చెంబు ఖాళీ చేసింది. ఇంకా కొంచెం కలుపుకొస్తానని లోపలికి ఉరికింది. వచ్చేసరికి పెదవులు నల్లబడ్డాయి. దవాఖానకు చేరేలోపల ఒళ్ళు కొయ్యబారింది.

పదకొండో రోజు దాటిందో లేదో కొమురవ్వ మొదలుపెట్టింది. "ఉప్పు గుడాలు అమ్మింది నా కొడుకుకు. గీ ఉప్పు తిన్నంకనే దూప ఎక్కువై రెండో సీసా తాగిండు. మొగని ప్రాణం దొన్నెల పోసి అమ్ముకున్న పెండ్లాన్ని యాడన్న చూసిన్రా?" బోరింగు దగ్గర అంది, చిట్టీల దగ్గర అంది, బస్సులో పక్క సీటు ఆమెతో అంది. ఐలమ్మ అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే అంది. "ఉప్పు సరిపోయిందానే? ఇంకింత ఏసుకో."

అత్త అన్నది నిజమేనేమోనని ఐలమ్మకూ లోపల ఉండేది. తాలింపులో ఉప్పు తగ్గించింది. కొనేవాళ్ళు చప్పగా ఉన్నాయని తిట్టారు.

*

చలి తగ్గుతున్న రోజుల్లో ప్రిస్కిల్లా వచ్చింది. అల్వాల్‌లో చర్చి వాళ్ళు నడిపే చిన్న సంస్థలో ఆమె నర్సు. గురువారం గురువారం సంచి తగిలించుకొని కాంపౌండ్ గోడ నీడన చాప పరిచేది. కాళ్ళ మీద పుండ్లు పడి మానని వాళ్ళకు కడిగి కట్టు కట్టేది. కాంపౌండ్ వాళ్ళు మొదట పొమ్మన్నారు. పోలీసులను తెచ్చే రకం కాదని తేలినాక ఊరుకున్నారు.

"తాగొద్దని చెప్పనీకి రాలేదన్నా నేను" అనేది. "చెప్తే మీరు వినరు. బతికుంటే ఎప్పుడన్న ఒకరోజు వింటరు. అందుకని బతికే ఉపాయం చెప్తున్న."

ఒక గురువారం బాలేష్‌నే చాప మీద పడుకోబెట్టి చూపించింది. పక్కకు తిప్పాలి. పైకాలు మోకాలి దగ్గర మడవాలి. చెయ్యి చెంప కింద పెట్టి, గడ్డం కొంచెం పైకెత్తి, నోరు నేల దిక్కుకు ఉండేటట్టు చూడాలి. నోట్లో ఏమన్నా ఉంటే బట్టతో తుడవాలి. ఊపిరి లెక్కపెట్టాలి. నిమిషానికి పదికన్నా తక్కువుంటే, పెదవులు నల్లబడితే, పిలిచినా గిల్లినా లేవకపోతే, 108కు ఫోన్ చేయాలి. ఊపిరి ఆగితే నోట్లో నోరుపెట్టి ఊదాలి. మనిషిని ఒంటరిగా వదలొద్దు.

"గిట్ల మెత్తగ పండుకోబెట్టే నర్సమ్మ ఉంటె రోజు పడిపోత" అన్నాడు బాలేష్ చాప మీంచే.

"రోజారాణి ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది" అన్నాడు పక్కన కూచున్న గండయ్య. ముసలివాడు, చెప్పులు కుట్టుకుంటాడు. అందరూ నవ్వారు. బాలేష్ కూడా నవ్వాడు.

ప్రిస్కిల్లా నవ్వలేదు. "సీసా పరీక్షకు పంపించినం. పౌడర్ కాదిది. పశువులకు కుట్లేసేముందు ఇచ్చే మత్తుమందు కలుస్తాంది. మనిషి కోసం చేసింది కాదు. దీనికి విరుగుడు సూది కూడా మన దగ్గర లేదు. ఒక్కసారే సీసా లేపొద్దు. సగం తాగి ఆగుండ్రి. ఒంటరిగ తాగొద్దు. అన్నిటికన్న ముఖ్యం, పడిపోయినోని నోట్లె ఏం పొయ్యొద్దు."

ఐలమ్మ గంప దగ్గర్నించే అడిగింది. "సల్ల గూడ పొయ్యొద్దా?"

"సల్ల అసలే వద్దక్కా. మత్తుల ఉన్నోడు మింగలేడు. గొంతుల గురగుర అంటది, తాగుతున్నడు అనుకుంటరు. అది ఊపిరితిత్తులకు పోయిన సప్పుడు."

గంప ముందు ఎవరో దొన్నె చాచి నిలబడ్డారు. ఐలమ్మ గరిటె పట్టుకొని అట్లాగే ఉండిపోయింది. ఆమె కళ్ళముందు మొగుడు రాలేదు. బర్రె వచ్చింది. తల వంచుకొని, తవుడు బస్తాల మధ్య చొంగ కార్చుకుంటూ, నిమ్మళంగా బతికిన బర్రె. కట్టె పట్టుకొని కాపలా కాసిన అత్త.

"అదే మందు" అనుకుంది. "అదే మనిషి తెచ్చిన అదే మందు."

ఆ రోజు నుంచి ఉప్పు మాట అత్త ఎన్నిసార్లన్నా ఐలమ్మకు ముల్లు గుచ్చుకోలేదు. అత్త నోరు పారేసుకుంటుంటే, కొంగున దాచిపెట్టుకున్న దాన్ని తడుముకున్నట్టు ఆ సంగతిని తడుముకునేది. ఒక్కమాట అంటే చాలు, ఈ ముసలిదాని నోరు మళ్ళీ లేవదు. అనలేదు. మంచితనంతో అనలేదని ఆమెకే నమ్మకం లేదు. ఖర్చుపెడితే అయిపోతుందేమోనని దాచుకున్నట్టు ఉండేది.

ఒకరోజు మాత్రం, బర్రె ఊసెత్తకుండా, మెల్లగా చెప్పిచూసింది. "అత్తా, తాగి పడినోళ్ళకు సల్ల పొయ్యొద్దంట. నర్సమ్మ చెప్పింది."

"ఎవతె అది? ఎంతమందిని కన్నది? నేను గీ చేతితోని ఎంతమందిని లేపిన్నో దానికేం ఎరుక? ఇగ నువ్వు నేర్పుతవా నాకు, ఉప్పు గుడాలదానా?"

*

బాలేష్ ఒకసారి రెండు రోజులు తాగకుండా ఉండి చూశాడు. మూడో పొద్దున ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నాడు. ఇన్నేండ్ల మత్తు ఒక్కసారిగా ఆపితే అట్లాగే అవుతుందని, దవాఖానలో ఉంచి మెల్లమెల్లగా తగ్గించాలని ప్రిస్కిల్లా చెప్పింది. పట్నంలో పెద్ద దవాఖానలో మంచం కోసం పేరు రాయించింది. సోమవారం రమ్మన్నారు.

అప్పటికి బుధవారం. సోమవారం దాకా బాలేష్ బతికుండాలి. ఐలమ్మకు ఆ అయిదు రోజులు అదే పని. గేటు లోపల, తన గంపకు ఎదురుగా కనబడే బండ మీద కూచోమంది. సగం సీసా తాగి, సగం ఆమె దగ్గర పెట్టి, గంట ఆగి అడగమంది.

"వదినె నా మీద కెమెరా పెట్టింది" అని బాలేష్ అందరికీ చెప్పుకున్నాడు. కానీ విన్నాడు. బుధ, గురు, శుక్రవారాలు విన్నాడు. తాగి కూచుని గుడాలు తింటూ, "వదినే, సోమవారం పోతె రోజా వస్తదంటవా?" అని అడిగేవాడు.

"ముందు నువ్వు పో. తర్వాత రోజా సంగతి."

"అన్న ఉంటె అన్న గూడ వచ్చేటోడు గద."

ఐలమ్మ గంపలో గరిటె తిప్పింది.

శనివారం కూలి దొరికే రోజు. కాంపౌండ్ పదకొండింటికే నిండింది. కొత్త సరుకు దిగింది. పన్నెండు కాకముందే ఇద్దరు తల వాల్చారు. లోపల పడినవాడిని లోపల ఉంచకపోవడం కాంపౌండ్ పద్ధతి. ఇద్దరు మనుషులు రెక్క ఒకడు, కాలు ఒకడు పట్టుకొని గేటు బయట గోడ పక్కన పడేస్తారు. చావు గోడ అవతల జరిగితే అది కాంపౌండ్‌ది కాదు.

గంప ముందు గుంపు ఎక్కువైంది. ఐలమ్మ పది దొన్నెలు నింపేసరికి బండ ఖాళీగా ఉంది. ఎవరో పాత దోస్తు బాలేష్ చేతిలో నిండు సీసా పెట్టాడట. దోస్తు పెట్టింది కాదనలేక గుటగుటా లేపాడట. ఆమె తల తిప్పేసరికి అతన్ని గేటు దాటిస్తున్నారు.

"మెల్లగ దించుండ్రి! మనిషి గదరా!"

"మనిషైతె నడిచి పోవాలె" అన్నాడు కాలు పట్టుకున్నవాడు. వెల్లకిలా పడేశారు. తల గోడకు తగిలింది.

ఐలమ్మ గంప వదిలేసి ఉరికింది. పక్కకు తిప్పింది. కాలు మడిచింది. గడ్డం ఎత్తింది. కొంగుతో నోరు తుడిచింది. "బాలేషూ!" అని చెవి పట్టి మెలిపెట్టింది. పలకలేదు. గండయ్య ఫోన్ తీసుకొని 108కు కొట్టింది. దగ్గరున్న బండి మేడ్చల్ దిక్కు పోయింది, ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. వీపు మీద అరచెయ్యి పెట్టి లెక్కపెట్టింది. ఒకటి. చాలాసేపటికి రెండు.

వాళ్ళ ఇల్లు వెనక గల్లీలోనే. ఆ వార్త ఎవరు మోసుకుపోయారో, కొమురవ్వ వచ్చింది. డెబ్బై ఏండ్ల మనిషి, చెప్పులు లేకుండా ఉరికొచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు. నిండా ఉంది. అంత ఉరుకులోనూ ఒక్క చుక్క తొణకలేదు.

"లేపుండ్రి! తల లేపుండ్రి నా కొడుకుది! బొమ్మల లెక్క చూస్తాన్రు ఏంది?"

"అత్తా, వద్దు. బండి వస్తాంది. పక్కకు పెట్టిన, ఊపిరి ఆడుతాంది..."

"నువ్వు జరుగు! పెద్దోన్ని మింగినవ్, ఇగ చిన్నోడా? ఇల్లు నీకే మిగుల్తదనా?" అని చెంబు అడుగుతో భుజం మీద కొట్టింది. అప్పుడు మాత్రం మజ్జిగ కొంచెం ఒలికింది. ఐలమ్మ లేవలేదు. చేతులు అడ్డం పెట్టి బాలేష్ మీద వంగింది.

చుట్టూ ఉన్నవాళ్ళు కొమురవ్వ మాటే విన్నారు. ఎప్పుడూ అట్లాగే చేశారు కాబట్టి, కన్నతల్లి అడుగుతోంది కాబట్టి. ఒకడు ఐలమ్మ రెక్కలు పట్టి లాగాడు. "తల్లికి లేని నొప్పి నీకెందుకమ్మా?" ఇద్దరు బాలేష్‌ను వెల్లకిలా తిప్పి తల ఎత్తిపట్టారు. గండయ్య కూడా వాళ్ళతో కలిసి, మోకాళ్ళ మీద కూచొని దవడ తెరిచాడు. ఆ గురువారం నవ్వుకుంటూ అంతా చూసిన గండయ్యే. చెంబు వంగుతోంది.

"బక్కయ్యను సంపింది నువ్వు" అంది ఐలమ్మ.

గొంతు పెద్దగా ఏం రాలేదు. కానీ చెంబు ఆగింది.

"ఉప్పు గుడాలు సంపలే. కల్లు గూడ సంపలే. నీ సల్ల సంపింది. గీ చెంబే, గీ చెయ్యే."

"ఏమన్నవే?"

"బర్రె పొదుగు చీరుకున్ననాడు కుమార్ ఏం చెప్పిండు నీకు? మత్తుల ఉంటె మింగుడు తెల్వది, నీళ్ళు గూడ పొయ్యొద్దు అన్లేదా? కట్టె పట్టుకొని కాపలా కాసినవ్. కుడితి తెస్తె నన్ను కొట్టినవ్. గదే మందు గీ కల్లుల కలుస్తాంది. గదే కుమార్ తెస్తాండు. బర్రెకు చుక్క నీళ్ళు పొయ్యనియ్యలే. కొడుకుకు చెంబెడు సల్ల పోసినవ్. బర్రె బతికింది."

అక్కడ ఆపవచ్చు. దవడ పట్టుకున్న గండయ్య చెయ్యి అప్పటికే వదులైంది. ముసలిదాని చెయ్యి గాలిలో నిలిచిపోయింది. ఆ మాటల పని అయిపోయిందని ఐలమ్మకు తెలుసు. కానీ ఎనిమిది నెలలు తిన్న ఉప్పు నోటినిండా ఉంది.

"గొంతుల గురగుర అంది, యాదికుందా? తాగుతాండు తాగుతాండని సంబురపడ్డవ్. తాగుతలేడు, మునుగుతాండు. చెరువుల పుట్టి పెరిగినోన్ని గద్దె మీద ముంచినవ్. సాలదని ఇంకింత కలపనీకి ఉరికినవ్. ఇగో, ఈడు గూడ పండిండు. పొయ్యి. పోసి ఇద్దర్ని ఒక్క లెక్క చెయ్యి."

కొమురవ్వ చెంబు దించలేదు, వంచలేదు. చెంబు తనంతట తనే ఒరిగి మజ్జిగ ఆమె పాదాల మీద పడింది. రెక్కలు పట్టుకున్నవాడు ఐలమ్మను వదిలేశాడు. ఆమె వెళ్ళి బాలేష్‌ను మళ్ళీ పక్కకు తిప్పింది. గండయ్య ఈసారి అడక్కుండానే కాలు మడిచాడు.

మధ్యలో ఒకసారి ఊపిరి ఆగింది. ఐలమ్మ ముక్కు మూసి నోట్లో ఊదింది. మరిది నోట్లో వదినె నోరు పెట్టిందని వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. వాణ్ణి గండయ్య చెప్పుతో కొట్టాడు. బండి ఇరవై నిమిషాలకు కాదు, ముప్పై అయిదు నిమిషాలకు వచ్చింది. అప్పటిదాకా ఐలమ్మ ఊదుతూనే ఉంది. కొమురవ్వ చెంబు పట్టుకొని నిలబడే ఉంది.

*

బాలేష్ బతికాడు. మొదట మేడ్చల్ దవాఖానకు తీసుకుపోయి, అక్కడి నుంచి పట్నం దవాఖానకు మార్చారు. అడిగి పెట్టుకున్న సోమవారం మంచం శనివారమే దొరికినట్టయింది.

దవాఖాన వరండాలో రెండు రోజులు అత్తాకోడళ్ళు ఒకే గోడకు ఆనుకొని కూచున్నారు. కొమురవ్వ తిట్టలేదు, ఏడవలేదు. ఎవరో తెచ్చి ఇచ్చిన బన్ను చేతిలోనే పట్టుకుంది. ఐలమ్మకు అత్త నోరు మూయించినందుకు ఉండాల్సిన సుఖం కోసం లోపల వెతుక్కుంటే, శనివారం ఆ కాసేపు ఉన్నది తప్ప ఏమీ మిగల్లేదు. అన్నది తప్పని మాత్రం అనిపించలేదు. బర్రె బతికిందన్న తర్వాత అన్న రెండో సగం మాటలే వదలకుండా వెంట ఉన్నాయి.

రెండో రోజు పొద్దుగూకే వేళ కొమురవ్వ నోరు తెరిచింది. తల తిప్పకుండా ఎదుటి గోడనే చూస్తూ అంది.

"తల ఎత్తి పట్టుకున్నది నువ్వే గదనే."

ఐలమ్మ ఉలిక్కిపడింది.

"ఒళ్ళె పెట్టుకొని పట్టుకున్నవ్. పక్కకు పోతాంటె గిట్ల తిప్పి పట్టుకున్నవ్. నాకు యాదికుంది." అంతే. ఆ మాటలో కోపం లేదు. అందుకే ఐలమ్మకు అత్త చెయ్యి లేచినా బాగుండుననిపించింది.

ఇరవై రోజులకు బాలేష్ ఇంటికి వచ్చాడు. రోజుకింత తగ్గించుకుంటూ వేసుకోవాల్సిన గోలీలు ఇచ్చారు. చిక్కిపోయాడు, కళ్ళు తేటపడ్డాయి. శనివారం జరిగింది అతనికేం తెలియదు, ఎవరూ చెప్పలేదు. పీట మీద కూచొని అన్నం కలుపుకుంటూ, "అమ్మా, జెర సల్ల పొయ్యే" అన్నాడు.

కొమురవ్వ చెంబు దగ్గరే ఉంది. ఆమె చెయ్యి చెంబు మీదికి పోయింది, ఆగింది. కొడుకు తల ఎత్తి చూశాడు. ఐలమ్మ లేచి వచ్చి, చెంబు తీసుకొని, అన్నంలో పోసింది. అతను జుర్రుకుంటూ తింటుంటే ఇద్దరు ఆడవాళ్ళూ అతని గొంతు కదలడం చూస్తూ కూచున్నారు.

పదమూడో రోజుకు గోలీలు ఒకవైపు, బాలేష్ ఒకవైపు. బండ మీద మళ్ళీ కనబడ్డాడు. ప్రిస్కిల్లా తిట్టలేదు. "ఒక్కసారికే మానినోళ్ళు తక్కువన్నా, మళ్ళ పేరు రాపిస్త" అంది. సగం సీసా పద్ధతి మళ్ళీ మొదలైంది.

ఈసారి అతని పక్కన కొమురవ్వ కూడా వచ్చి కూచునేది. జన్మలో కల్లు కాంపౌండ్ గడప తొక్కని మనిషి, గోనెసంచి పరుచుకొని, కొట్టం ముందు పట్టుకున్న ఆ కట్టే పట్టుకొని. కొడుకు తల వాలితే పక్కకు తిప్పేది. వేరేవాళ్ళ కొడుకుల తలలు వాలినా తిప్పేది. కాంపౌండ్ వాళ్ళు ఎవరినన్నా గేటు బయట పడేస్తే తనూ బయటికి వచ్చి, అందరినీ వరసగా పక్కకు పెట్టి మధ్యలో కూచునేది. తాగుబోతులు ఆమెకు బర్రెల కొమురవ్వ అని పేరు పెట్టారు. "అవ్వా, మమ్ముల గూడ పిండుతవా?" అని అడిగేవాళ్ళు. ఆమె కట్టెతో ఒక్కటి వేసేది. ఊపిరి లెక్కపెట్టడం మాత్రం ఆపేది కాదు.

ఒక మధ్యాహ్నం కొత్తగా కిరాయికి దిగిన ఇంట్లోంచి దీప అనే పిల్ల ఏడుస్తూ ఉరికొచ్చింది. పెండ్లై ఏడాది కాలేదు. మొగుడు గోడ పక్కన ఉన్నాడు. ఆమె చేతిలో చెంబు. ఎవరో చెప్పారట, సల్ల పోస్తే లేస్తాడని.

ఐలమ్మ గంప దగ్గర్నించి లేచింది. "వద్దు బిడ్డా, పొయ్యొద్దు."

"నువ్వెవరు? జరుగు! నా మొగడు, నా ఇష్టం!" అని ఆ పిల్ల గింజుకుంది.

కొమురవ్వ కదల్లేదు. పక్కకు తిప్పి పెట్టిన ఇద్దరు మనుషుల మధ్య, గోనెసంచి మీద కూచొనే, ఐలమ్మ వైపు చూసింది.

"చెప్పవే" అంది. "నాకెట్ల చెప్పినవో గట్లనే చెప్పు. మెల్లగ చెప్తె ఆగది."

ఐలమ్మ దీపకూ గోడకూ మధ్య అడ్డం నిలబడింది.

"చెప్పు! వాని ఊపిరి పోతాంది!"

"ఈమె పేరు కొమురవ్వ" అంది ఐలమ్మ. "ఈమె పెద్ద కొడుకు బక్కయ్య గిట్లనే పడిపోతె, చెంబెడు సల్ల పోసి సంపింది. కన్నతల్లే." ముసలిది తల ఊపింది, ఇంకా చెప్పమన్నట్టు. "గొంతుల గురగుర అంటె తాగుతాండని సంబురపడ్డది." ఐలమ్మ తన రెండు చేతులూ ముందుకు చాచింది. "నేను వాని పెండ్లాన్ని. పక్కకు పోతున్న తలను తిప్పి, ఎత్తి పట్టుకున్నది నేనే."

కొమురవ్వ అప్పటికే ఆ పిల్ల మొగుడి వీపు మీద అరచెయ్యి పెట్టి లెక్క మొదలుపెట్టింది. దీప ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చెంబు దించింది. ఎక్కడ పెట్టాలో తెలియక, రెండు చేతులా పట్టుకొని అట్లాగే నిలబడింది.